పొయ్యిలో పిల్లి

పొయ్యిలో పిల్లి లేవలేదు అంటారు. ఇంట్లో గింజ లేదు, వంట లేదు అని దాని అర్థం. మా ఇంట్లో గింజకు కొదవ లేదు. ఇద్దరం టీచర్లం, నెల తిరిగితే జీతం పడుతుంది. అయినా ఒక ఆగస్టు నెలలో మా పొయ్యిలో నిజంగానే పిల్లి పడుకుంది. ఐదు వారాల తర్వాత ఊరొచ్చిన అత్త గుమ్మంలో నిలబడి మొదట చూసింది దాన్నే. నల్ల కళ్ళద్దాల వెనక నుంచి ఆమెకు ఎంత కనిపించిందో తెలీదు. పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసింది. "సల్లగున్నాది" అంది. ఇంకేమీ అనలేదు.

మేము అంటే ఆలుమగలం ఇద్దరం. అత్త ఒకరికి అత్త, ఒకరికి అమ్మ. ఈ రాతలో అత్త అనే అంటాం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు కొండల్లో చిన్న ఊరు. మేమిద్దరం ఆశ్రమ పాఠశాలల పిల్లలం. ఒకరు ఐదేళ్ళకు, ఒకరు ఆరేళ్ళకు ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్‌కు పోయాం. పది దాకా అక్కడే. తర్వాత ఇంటరు, ఆ తర్వాత రెండేళ్ళు డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణ. హాస్టల్ వంటశాల గడప లోపలికి పిల్లల్ని రానిచ్చేవారు కాదు. పెద్ద గుండిగల కింద మోపులు మోపులు కట్టెలు మండడం దూరం నుంచే చూశాం. సెలవులకు ఇంటికొస్తే అమ్మలు కూడా పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. "నువ్వు సదూకో, పొగలోకి రాకు" అనేవాళ్ళు. అది ప్రేమతో అన్న మాట. ఆ ప్రేమతోనే మాకు నిప్పు పెట్టడం రాకుండా పోయింది. ఇది చదివే టీచర్లలో చాలామందికి ఇదే కథ ఉంటుందనుకుంటాం.

ఉద్యోగాల మొదటి ఏళ్ళన్నీ వేరే మండలాల్లో, అద్దె గదుల్లో, గ్యాసు మీద గడిచిపోయాయి. బదిలీ మీద సొంత మండలానికి వచ్చాక అత్త ఇంట్లోనే ఉంటున్నాం. ముందు గదిలో సిమెంటు గట్టు కట్టించి గ్యాసు పొయ్యి పెట్టుకున్నాం. వెనక వంటింట్లో అత్త మట్టి పొయ్యి అలాగే ఉంది. ఆమె చోడి అంబలి ఆమెదే, మా కుక్కరు మాదే. ఒక ఇంట్లో రెండు వంటలు. దీన్ని గురించి ఎవరూ గొడవపడలేదు, మాట్లాడుకోనూ లేదు.

జూలైలో అత్త కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. విశాఖపట్నంలో చేయించి, పాడేరులో ఉండే ఆడపడుచు ఇంట్లో ఉంచాం. తల వంచకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు, పొగ దగ్గరకు పోకూడదు అన్నారు డాక్టరు. మేము బడి, ఇల్లు, గ్యాసు. అత్త పొయ్యి వైపు వెళ్ళే పనే పడలేదు. తలుపు దగ్గరకు వేసి ఉంచాం. పిల్లి ఎప్పుడు దూరిందో మాకు తెలీదు.

అత్త వచ్చిన మర్నాడు పొద్దున్నే అడిగింది, "అటక మీద గింజలు సూసేరా?"

చూడలేదు. పొయ్యికి సరిగ్గా పైన వెదురు అటక ఉంది. దాని మీద రాజ్‌మా గింజల బుట్ట, ఆనపకాయ బుర్రలో గుమ్మడి గింజలు, దూలానికి వేలాడదీసిన మొక్కజొన్న పొత్తులు, మూటకట్టిన కందులు. అన్నీ విత్తనాలే. నిచ్చెన వేసి బుట్ట దించాం. పైన గుడ్డ తీసేసరికి తెల్లటి పిండి రాలింది. గింజ గింజకూ గుండుసూది పట్టేంత బొక్క. చేతిలోకి తీసుకుంటే పెంకు పురుగులు వేళ్ళ మీదికి పాకాయి. రాజ్‌మా వేసేది ఆ నెలలోనే. అరెకరానికి దాచిన విత్తనం అది, ఏడేళ్ళుగా అత్త ఏరి ఏరి కట్టుకొస్తున్న గింజ. బజారులో కొన్నది కాదు.

"పొగ నేదు కదా" అంది అత్త. అంతే.

వానాకాలం తేమకు కూడా పురుగు పడుతుంది, ఒక్క పొగ లేకపోవడమే కారణమని చెప్పలేం. కానీ అంతకు ముందు వానాకాలాల్లో పట్టలేదు కదా. మేము ఆ వంటింటిని వంటిల్లు అనే అనుకున్నాం. అది విత్తనాల కొట్టు, తడి బట్టలు ఆరేసుకునే చోటు, చలికాలం పడకగది, స్నానానికి నీళ్ళు కాచే చోటు. ఆ పొయ్యి ఇన్ని పనులు చేస్తుంటే మేము దాన్ని గ్యాసు పొయ్యితో పోల్చి, పాతది అనుకున్నాం.

ఆ సాయంత్రమే పొయ్యి వెలిగించాలని కూర్చున్నాం. అత్త తల వంచకూడదు కాబట్టి గుమ్మం అవతల పీట మీద కూర్చుంది. మేము లోపల. నవ్వుకోకండి, మా ఇద్దరి వయసూ కలిపితే ఎనభై దాటుతుంది. ఒక అగ్గిపెట్టెలో సగం పుల్లలు గీశాం. కాగితాలు మండాయి, కట్టెలు మండలేదు. ఇల్లంతా పొగ. చివరికి మాలో ఒకరం పాల కవరు తెచ్చి కింద పెట్టాం. అది కారుతూ, నల్లగా, కంపు కొడుతూ మండింది. అత్త బయట నుంచే వాసన పట్టింది. "ఏటది? తినే తిండి మీద ఆ కంపేటి? తీసీండి" అని గట్టిగా అరిచింది. ఆపరేషన్ తర్వాత ఆమె అంత గట్టిగా మాట్లాడ్డం అదే మొదలు. ఆ రాత్రి కూడా గ్యాసు మీదే వండుకున్నాం.

బడిలో ఇదే మేము చెప్పే పాఠం. వెలుగుతున్న కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లిస్తాం, కాసేపటికి ఆరిపోతుంది. మండడానికి గాలి కావాలి, పిల్లలూ అంటాం. మండే వస్తువు, వేడి, గాలి అని మూడూ బోర్డు మీద రాస్తాం. ఆ మూడూ మా ముందే ఉన్నాయి. నిప్పు మాత్రం లేదు.

రెండో రోజు అత్త మాట విన్నాం. మొదట బూడిద. ఐదు వారాల బూడిద, దాని మీద పిల్లి బొచ్చు, పెంకుల సందులోంచి పడిన వాన చినుకుల తడి. మొత్తం తీసేస్తుంటే వద్దంది. వేలెడు మందం ఉంచమంది. బూడిద అసలు లేకపోతే నేల చల్లదనం నిప్పును తినేస్తుందట. మరీ ఎక్కువైతే గాలి అడుగు నుంచి రాదు. పొయ్యి నోట్లో చెయ్యి పెడితే కట్టెల కింద నాలుగు వేళ్ళు ఆడాలి, అదీ లెక్క. మేము మొదటి రోజు బూడిద మీదే కట్టెలు పరిచాం. పైన బోర్లించిన గ్లాసు లేదు కానీ, కింద నుంచి మేమే మూసేశాం.

తర్వాత చితుకులు. చిటికెన వేలి కంటే సన్నం. చేత్తో విరిస్తే టప్‌మని విరగాలి, వంగితే పక్కన పడెయ్యాలి. మా ఇంట్లో అన్నీ వంగేవే, ఎందుకంటే అటక కింద నిప్పు లేక కట్టెలు కూడా తేమ పట్టాయి. పక్కింటి వదినె గింజలు వలిచిన మొక్కజొన్న కండెలు ఒక బుట్టెడు ఇచ్చింది. కండె ఎండితే కర్పూరంలా అంటుకుంటుందని ఆ రోజే తెలిసింది. అడుగున రెండు కండెలు, వాటి మీద చితుకులు అడ్డంగా నిలువుగా, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోకి అగ్గిపుల్ల. అది పట్టుకున్నాక వేళ్ళంత పుల్లలు. అవి పట్టుకున్నాకే కట్టె. మేము మొదటి రోజు నేరుగా కట్టెకు నిప్పు పెట్టాం, ఒకటో తరగతి పిల్లాడికి గుణింతాలు రాకుండానే పేజీ చదవమన్నట్టు.

కట్టెలు మూడు చాలు. మూడు కొసలూ మధ్యలో ఎదురెదురుగా ఉండాలి కానీ ఒకదాన్నొకటి కౌగిలించుకోకూడదు. ఒంటి కట్టె మండదు. ఎంత పెద్దదైనా ఒక్కటే పెడితే కాసేపు మండి నల్లబడి కూర్చుంటుంది. పక్కన ఇంకొకటి ఉంటే దాని వేడి దీనికి, దీని వేడి దానికి. మధ్యలో వేలి సందు గాలికి.

ఊదుగొట్టం సంగతి చెప్పాలి. వెదురు గొట్టం, మూరెడు పొడవు. మేము మంట మీద ఊదాం, మంట ఆరింది. మంట మీద కాదట, మంట మొదట్లో ఎర్రగా ఉన్న కణిక మీద ఊదాలి. బుగ్గలు పగిలేలా కాదు, కడుపులోంచి సన్నగా, నిదానంగా. ఊది గొట్టం నోట్లోంచి తీయకుండానే గాలి పీల్చాం, పొగ, బూడిద గొంతులోకి పోయి అరగంట దగ్గు. కళ్ళు తిరిగాయి. అత్త బయట నవ్వు ఆపుకోలేకపోయింది. "కన్ను కదిలిపోద్ది, నన్ను నవ్వించకండర్రా" అంది.

మంట నిలబడ్డాక అసలు కష్టం మొదలైంది. గ్యాసుకు మర ఉంది, తిప్పితే పెద్దది, తిప్పితే చిన్నది. ఇక్కడ మర కట్టే. లోపలికి తోస్తే పెద్ద మంట, వెనక్కి లాగితే చిన్నది. అన్నం ఉడుకు పట్టేదాకా తోయాలి. గంజి వార్చాక కట్టెలు బయటకు లాగేసి, నిప్పుల మీద ఉమ్మగిలనివ్వాలి. పక్కన కొడిపొయ్యి ఉంటుంది, దానికి వేరే కట్టెలు అక్కర్లేదు, పెద్ద పొయ్యి సెగ లోపలి దారిలో దాని కిందకు పోతుంది. పప్పు దాని మీద పెడితే గంటలో మెత్తబడుతుంది. చోడి అంబలికి మాత్రం మేము వారం తిప్పలు పడ్డాం. ఎసరు తెర్లుతున్నప్పుడు పిండి కలిపిన నీళ్ళు పోసి తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి, అదే సమయంలో కట్టె లాగాలి. రెండు చేతులూ తెడ్డుకే పోతే కట్టె ఎవరు లాగుతారు? అత్త కాలి బొటనవేలితో లాగేదట, నలభై ఏళ్ళు. మేము ఇద్దరం ఉన్నాం కాబట్టి సరిపోయింది. ఒకరు తెడ్డు, ఒకరు కట్టె. అయినా ఉండలు కట్టింది, అడుగంటింది, పొగచూరింది. అత్త తింది. "పొగోసన" అంది, గిన్నె మాత్రం ఖాళీ చేసింది.

ఇంకో సంగతి. ఎత్తరి కుక్కరు పెట్టి బలంగా మూత నొక్కితే పొయ్యి మీది మట్టి గడ్డల్లో ఒకటి విరిగిపోయింది. పొయ్యికి ఆ మూడు గడ్డలే ప్రాణం, గిన్నె వాటి మీద నిలబడి మంటకు పైకి లేవడానికి చోటిస్తుంది. పుట్టమన్ను, పేడ, కాస్త ఊక కలిపి పిసికి కొత్త గడ్డ పెట్టాం. తొందరపడి ఆ సాయంత్రమే వెలిగించాం, నిలువునా పగిలింది. మళ్ళీ పిసికాం. ఈసారి నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి, చితుకులతో చిన్న మంట రెండు పూటలు పెట్టి, తర్వాతే గిన్నె ఎక్కించాం. అది ఇప్పటికీ ఉంది, కొంచెం వంకరగా. గిన్నెల అడుగున తడి బూడిద పూసి పొయ్యెక్కిస్తే మసి తోమడం తేలికని కూడా అప్పుడే తెలిసింది. అప్పటికే రెండు స్టీలు గిన్నెలు నల్లబడిపోయాయి.

కట్టెల రకాలు అత్తకు వాసనతో తెలుస్తాయి. కాఫీ తోటల్లో కొట్టిన సిల్వర్ ఓక్ త్వరగా మండి త్వరగా పోతుంది, నీళ్ళు కాచుకోవడానికి బాగుంటుందంటుంది. చింత కట్టె నిదానం, దాని బొగ్గు నిలుస్తుంది. పచ్చి కట్టె అయితే కోసిన చివర నుంచి నురగ కారుతుంది, సుయ్‌మని ఏడుస్తుంది. నిజానికి ఆ ఏడుపే పాఠం. తడి కట్టె వేడంతా ముందు తనలోని నీళ్ళను ఆవిరి చేసుకోవడానికే ఖర్చు చేస్తుంది. తర్వాత కట్టెలోంచి వచ్చే వాయువు మండాలి. మనకు మంటగా కనిపించేది అదే. పొయ్యి చల్లగా ఉంటే ఆ వాయువు మండకుండా బయటకొస్తుంది. దాన్నే పొగ అంటున్నాం. అంటే పొగ అనేది సగంలో ఆగిపోయిన మంట. ఈ ముక్క మా శిక్షణ పుస్తకంలో ఉందో లేదో గుర్తు లేదు, పొయ్యి ముందు కూర్చున్నాక మాత్రం అర్థమైంది. పొడి కట్టె, సందు, అడుగు నుంచి గాలి ఉంటే మూడో వంతు పొగ కూడా రాదు. అత్త పొయ్యిలో మా పొయ్యిలో ఉన్నంత పొగ ఎప్పుడూ లేదు.

అయినా అత్త కన్ను పాడైంది. దీన్ని దాటేసి, మా తాతల పొయ్యి గొప్పది అని రాయడం మాకు చేతకాదు. వయసుతో శుక్లాలు వస్తాయి. ఏళ్ళ తరబడి పొయ్యి పొగలో ఉన్న ఆడవాళ్ళకు ఆ ముప్పు ఎక్కువని, ఊపిరితిత్తులూ దెబ్బతింటాయని వైద్యులు చెబుతారు. మా ఊళ్ళో అరవై దాటిన ఆడవాళ్ళలో దగ్గు లేనివాళ్ళను వెతకాలి. తల మీద మోపు మోసి మోసి మెడలు వంగినవాళ్ళను వెతకక్కర్లేదు. 1980ల్లో దేశమంతటా పొగలేని పొయ్యిల కార్యక్రమం నడిచింది, 2002 దాకా. మా ఊళ్ళోనూ కొన్ని ఇళ్ళకు గొట్టం పెట్టి పొయ్యిలు కట్టి వెళ్ళారు. గొట్టంలో మసి పేరుకుంటే తుడవాలని ఎవరూ చెప్పలేదు. గొట్టం మూసుకుపోయాక పొగ ఇంట్లోకే తన్నింది, జనం కూలగొట్టేశారు. 1999లో దీపం, 2016లో ఉజ్వల వచ్చాయి. 2024 చివరి నుంచి మన రాష్ట్రంలో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితం. మంచిదే, మేమూ వాడుతున్నాం. కానీ మా ఊరికి బండి వాగు దాకానే వస్తుంది. 14.2 కిలోల గ్యాసు, ఇనప బండతో కలిపి దాదాపు ముప్పై కిలోలు. వాగు పొంగితే కావిడి కట్టి ఇద్దరు మగవాళ్ళు మోసుకు రావాలి. ఆ మోపు ఈ మోపు కంటే తేలికేం కాదు, ఏడాదికి కొన్నిసార్లే అన్నది ఒక్కటే మేలు.

గింజలకు పొగ కావాలి, అత్త కంటికి వద్దు. ఈ చిక్కు మీద మా ఇంట్లో పది రోజులు మాటలు నడిచాయి. చివరకు చేసింది ఇది. పొయ్యి వెనక గోడకు పైన, చూరు కింద రెండు ఇటుకలంత కంత కొట్టాం. వండేటప్పుడు పొడి కట్టెలే వాడతాం, కంత తెరిచి ఉంచుతాం. వంట అయ్యాక అందరం అరుగు మీదికి వచ్చేస్తాం. అప్పుడు నిప్పుల మీద నాలుగు పచ్చి రెమ్మలు వేసి, కంతకు గోనె అడ్డుపెట్టి, తలుపు మూసేస్తాం. అరగంట పొగ అటకకు. తర్వాత గోనె తీసేస్తాం. నిప్పు మీద కన్నేసి ఒకరు బయట కాపలా. అత్త నవ్వింది. "మనుసులకో పొయ్యి, గింజలకో పొయ్యా? ఏం సదువులర్రా మీవి" అంది. వద్దని మాత్రం అనలేదు.

రాజ్‌మాకు విత్తనం లేకపోయింది కదా. పక్కింటి వదినె వాళ్ళ అటక మీది గింజ ఇచ్చింది, పంటొచ్చాక గింజకు గింజ తిరిగిచ్చే మాట మీద. అడగడానికి వెళ్ళినప్పుడు ఆమె నెమ్మదిగా అంది, "మీ పొయ్యి పొగ కనబడకపోతే మీరు ఊళ్ళో నేరనుకున్నాం." ఐదు వారాలూ మేము ఆమె ఇంటి ముందు నుంచే బడికి వెళ్ళాం.

బడిలో ఒక రోజు గ్లాసు, కొవ్వొత్తి పక్కన పెట్టి, పొయ్యి ఎలా వెలిగిస్తారో చెప్పమని నాలుగో తరగతిని అడిగాం. ఎప్పుడూ నోరు తెరవని ఒక అమ్మాయి లేచింది. ఇంట్లో తమ్ముడికి వండిపెట్టి బడికొస్తుంది. బూడిద ఎంత ఉంచాలో, కండె ఎక్కడ పెట్టాలో, వాన రోజు పొయ్యి ముందే ఎలా కాచుకోవాలో వరసగా చెప్పింది. మేము వారం పాటు ఏడ్చి నేర్చుకున్నది మూడు నిమిషాల్లో. మేము బోర్డు మీద ఆమె చెప్పిందే రాశాం. సంతోషించాలో, తొమ్మిదేళ్ళ పిల్లకు ఇదంతా తెలిసి ఉండాల్సి వచ్చినందుకు బాధపడాలో తేల్చుకోలేదు, ఇంకా.

ఇప్పుడు పొద్దున్న బడి హడావుడిలో గ్యాసే. సాయంత్రం పొయ్యి. కొత్తల పండగకు కొత్త గింజ పొయ్యి మీదే, అందులో అత్తతో బేరం లేదు. వదినె గింజ తిరిగిచ్చేశాం, మా బుట్ట మళ్ళీ అటకెక్కింది. అత్త ఎడమ కన్నుకు కూడా శుక్లం ముదురుతోంది, వేసవి సెలవుల్లో చేయించాలి. ఈసారి ఆమె వెళ్తే పొయ్యి చల్లబడదని చెప్పాం. చూస్తానంది.

రాత్రి పడుకోబోయే ముందు లావుపాటి కొరివి ఒకటి నిప్పుల్లో పెట్టి బూడిద కప్పాలి. కప్పడం సరిగ్గా కుదిరితే పొద్దున్న పైన గీకి నాలుగు కండెలు వేసి ఊదితే చాలు, అగ్గిపుల్ల అక్కర్లేదు. పలచగా కప్పితే తెల్లారేసరికి కాలి అయిపోతుంది, మందంగా కప్పితే చచ్చిపోతుంది. మాకు వారానికి రెండు రోజులు తప్పుతుంది.

"కప్పేరా?" అని మంచం మీంచి అడుగుతుంది అత్త.

కప్పాం అంటాం. ఆమె అయినా లేస్తుంది. తల వంచకుండా, గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి, బూడిదకు జానెడు పైన అరచెయ్యి ఆడిస్తుంది. ఒక్కోరోజు ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంటుంది. ఒక్కోరోజు ఇంకో గుప్పెడు బూడిద వేసి పోతుంది.